పువ్వు బయట కట్టాలి

దసరా వెళ్లిన మర్నాడు మా గుమ్మం ముందు కారు ఆగింది. నేను సాయంత్రం సత్సంగానికి చాపలు పరిచే పనిలో ఉన్నాను. దిగినావిడకు ముప్పై దాటి ఉంటాయి. బ్యాంకు ఉద్యోగం కాబోలు, మెడలో ఐడీ కార్డు తాడు ఇంకా వేలాడుతోంది. భుజాన పొడుగాటి రెక్సిన్ సంచి.

"మామ్మగారూ, వీరభద్రాచారి గారి ఇల్లు ఇదేనాండి?"

"ఇదేనమ్మా. ఆయన పోయి చాలా కాలమైంది. నేను వాళ్లమ్మాయిని."

"తెలుసండి. నాన్నగారు మిమ్మల్నే కలవమన్నారు. నేను సీతాయమ్మగారి మనవరాలినండి, లావణ్యని."

సీతాయమ్మగారి పేరు వినగానే చేతిలో చాప కింద పెట్టేశాను. ఆ అమ్మాయి సంచి విప్పి తుపాకీ తీసి నా మంచం మీద పడుకోబెట్టింది. వాళ్ల నాన్నగారికి చూపు ఆనడం లేదట, లైసెన్సు వదులుకుంటున్నారట. స్టేషన్లో అప్పగించడానికి కాగితం రాయించుకుని, దారిలో ఇక్కడ ఆగింది. "దసరా మర్నాడు ఆచారి గారింట్లో చూపించకుండా ఎక్కడికీ పంపొద్దని మా నాన్నమ్మ మాటండి. ఇన్నేళ్లయినా నాన్నగారు అదే అంటారు. ఇంకోటి కూడా అడగాలండి. ఇదిగో, ఈ పువ్వు ఇక్కడే ఎందుకు కట్టాలి? అడిగితే నాన్నగారు నవ్వి, వాళ్లింట్లోనే అడుగు అంటారు."

రెండు గొట్టాల తుపాకీ అది. మూతికి జానెడు కిందగా, గొట్టాల బయట, తెల్ల దారంతో ఒక బంతిపువ్వు కట్టి ఉంది. నిన్నటి పువ్వు, రెక్కలు కొంచెం వాలాయి. నేను ముందు తుపాకీని మధ్య మడత దగ్గర వంచి తెరిచి, లోపల తూటాలు లేవని చూశాను. తర్వాత గొట్టాలు విడదీసి కిటికీ వైపు ఎత్తి కంటికి ఆనించాను. నాకు తుపాకీ పని రాదు, లైసెన్సు లేదు. చూడడం మాత్రం వచ్చు. లోపల వెలుగు ఉంగరాలు ఉంగరాలుగా, ఒకదాని వెనక ఒకటి, చివరి దాకా గుండ్రంగా నిలబడి ఉన్నాయి. ఎక్కడా ఏదీ అడ్డు లేదు. ఆ అమ్మాయిని కూర్చోమని చెప్పి, చాపలు పరచడం మానేసి, ఆ పువ్వు కథ మొదలుపెట్టాను. అప్పుడు నోటితో చెప్పిందే ఇప్పుడు కొంచెం నెమ్మదిగా రాస్తున్నాను.

మా నాన్న తుపాకుల మరమ్మతు చేసేవారు. మా వాళ్లంతా నాగళ్లూ బండి కమ్ములూ చేసినవాళ్లే. తాతగారు మాత్రం ఒక జమీందారు గారి ఆయుధాల గదిలో పనిచేసి ఈ విద్య తెచ్చుకున్నారు. నిడదవోలులో మా ఇంటి పెరట్లో రేకుల పాక, అందులో పట్టుకారు బిగించిన చింతమొద్దు, గోడకు వరసగా ఆకురాళ్లు, లావూ సన్నం ఇనప కడ్డీలు. తెల్లవారి నాన్న స్నానం చేసి, దేవుడి దగ్గర దీపం పెట్టి, అదే విభూతి చేత్తో పట్టుకారును ముట్టుకుని అప్పుడు పనిలో కూర్చునేవారు. టంకం పట్టడానికి గుగ్గిలం పొడి చల్లేవారు. పూజలో వేసే గుగ్గిలం కూడా ఆ డబ్బాలోదే. అందుకని మా ఇంట్లో పూజ జరుగుతోందో తుపాకీ అతుకుతున్నారో వాసనను బట్టి చెప్పలేం. కిరసనాయిలు వాసన కూడా కలిస్తే అది పని, కర్పూరం కలిస్తే పూజ. నాకు ఈ రోజుకీ గుగ్గిలం పొగ తగిలితే మొదట గుర్తొచ్చేది గుడి కాదు, నాన్న వంగిన వీపు.

మన డెల్టాలో తుపాకీలకు పెద్ద శత్రువు గాలిలోని తేమ. ఎన్నికలొస్తే లైసెన్సు తుపాకులన్నీ అప్పగించాలి, తిరిగొచ్చేసరికి గొట్టాల లోపల తుప్పు గుంటలు పడేవి. చేలో పిట్టల్ని బెదరగొట్టడానికి తీసుకెళ్లిన తుపాకీ గట్టు మీద జారి పడితే సొట్ట. కొట్టులో మూల నిలబెట్టిన తుపాకీలో కందిరీగ మట్టి గూడు కట్టేది, అది చూసుకోకుండా పేలిస్తే గొట్టం అక్కడ ఉబ్బేది. సొట్టకి నాన్న లోపలికి సరిగ్గా సరిపోయే కడ్డీ దూర్చి, బయటి నుంచి చిన్న సుత్తితో, తలుపు తట్టినట్టు తట్టేవారు. తట్టడం, కిటికీ వైపు ఎత్తి చూడడం, మళ్లీ తట్టడం. వంకర పోయిన వెలుగు ఉంగరం గుండ్రంగా వచ్చేదాకా అదే పని. ఒక్క సొట్టకు ఒక పూట పట్టేది.

కళ్లతో చూశాక చెవితో వినాలి. జంట గొట్టాలను మధ్యలో పట్టీ వేసి టంకంతో అతుకుతారు. ఆ అతుకు ఎక్కడైనా విడితే పైకి కనిపించదు. గొట్టాలను దారంతో వేలాడదీసి చెక్కతో తడితే తెలుస్తుంది. అతుకు బాగుంటే గంటలా మోగి, ఆ మోత కాసేపు నిలుస్తుంది. లేకపోతే పగిలిన కుండలా ఉంటుంది. ఎన్నో ఏళ్లు తుపాకులు పేల్చి పరీక్షించి నాన్నకు వినికిడి మందగించింది. అందుకని ఆ పని మా అమ్మకు వచ్చింది. వంటింటి గుమ్మానికి ఒక కొక్కెం ఉండేది. నాన్న దానికి గొట్టాలు తగిలించి వెళ్లిపోయేవారు. అమ్మ పప్పు తిప్పుతూ తిప్పుతూ అదే తెడ్డుతో ఒక దెబ్బ వేసి, చెవి ఒగ్గి, "పలికింది" అనో "పలకట్లేదండీ" అనో కేక వేసేది. పప్పు అంటిందని నాన్న విసుక్కుంటూ తుడుచుకునేవారు. భజనలో తాళం తప్పితే ముందు తలెత్తేది కూడా అమ్మే.

ఇవన్నీ అయ్యాక మూడో పరీక్ష నిప్పుతో. ఎండాకాలం గోదావరి ఇసుక తిప్పల మీద, ముందుగా స్టేషన్లో చెప్పి, పాత బండి చక్రానికి తుపాకీని తాళ్లతో కట్టి, ఇసుక మూటలు ఆనించి, మామూలు కంటే బలమైన తూటా వేసి, గట్టు వెనక నుంచి తాడు లాగి పేల్చేవారు. నాన్నది ఒక నియమం ఉండేది. తుపాకీ ఎవరిదో వాళ్లు ఆ పరీక్షకు రావాలి, తాడు వాళ్లే లాగాలి. "నేను బాగుందంటే సరిపోదండి, మీ చెయ్యికి తెలియాలి" అనేవారు.

ఒక ఏడు శ్రీరామనవమి వెళ్లిన రెండోనాడు లావణ్య వాళ్ల నాన్న, సూర్యనారాయణరాజు గారు, జీపులో వచ్చారు. అప్పటికి ఆయన పాతికేళ్ల కుర్రవాడు. నాకు కాలేజీ చదువు పూర్తయి, ఇంట్లోనే ఉంటూ భజన మందిరంలో పెద్దవాళ్లకు పారాయణ చేసిపెడుతూ ఉండేదాన్ని. ఆయన తుపాకీని పాత పంచెలో చుట్టి, పసిపిల్లను ఎత్తుకున్నట్టు రెండు చేతుల మీద తెచ్చారు. ఎడమ గొట్టం మూతికి నాలుగు వేళ్ల కింద, పాము కప్పను మింగినట్టు, చుట్టూ ఉబ్బి ఉంది.

నాన్న తుపాకీ చూడక ముందే, "మీకేం దెబ్బ తగల్లేదు కదండీ?" అన్నారు.

"చెయ్యి జివ్వుమందంతేనండి. దెబ్బంతా మా అమ్మకి తగిలింది."

వాళ్ల ఊళ్లో ఒక ఆనవాయితీ ఉంది. రాములవారి కల్యాణంలో జీలకర్ర బెల్లం పెట్టే వేళకు వాళ్లింటి పెద్ద ఆకాశంలోకి ఒక్క తూటా పేల్చాలి. ఆ మోత వినిపించాకే గట్టిమేళం. చేలల్లో ఉన్నవాళ్లు కూడా అది విని, ఉన్నచోటే చేతులు జోడిస్తారు. ఎన్నో ఏళ్లుగా పేల్చిన పెద్దరాజు గారు ధనుర్మాసంలో పక్షవాతం వచ్చి పడిపోయారు. కుడి పక్క, మాట, రెండూ పోయాయి. అందుకని ఈసారి కొడుకు పేల్చారు. మోత రావలసినచోట దబ్బుమని ఒక చప్పుడు వచ్చి గొట్టం ఉబ్బింది. ఊరంతా చూస్తుండగా.

"అమ్మ అన్నం మానేసిందండి" అన్నారు రాజుగారు. "రాములవారు మన మర్యాద వద్దన్నారంటోంది. ముందు నాన్నగారు పడిపోయారు, ఇప్పుడిది. కాసిని పాలూ తులసి తీర్థం తప్ప ఏదీ ముట్టట్లేదు. పదహారు రోజుల పండక్కి మళ్లీ పేల్చాలి కదండీ, అప్పుడు తుపాకీ పలికితేనే మెతుకు ముట్టుకుంటానని రాములవారి ముందు అనేసింది. ఆవిడ అందంటే అందేనండి. అసలే పిట్టంత మనిషి."

"గుళ్లో పెద్దలేమంటున్నారండి?"

"ఆ రోజూ పలక్కపోతే ఈ మర్యాద వేరే ఇంటికి ఇద్దామంటున్నారు. పోతే పోయిందండి, పట్టుకెళ్లమనండి. నాకు మా అమ్మ కావాలి."

నాన్న పంచె పూర్తిగా విప్పి తుపాకీని మొద్దు మీద పెట్టారు. తర్వాత, "పేల్చే ముందు గొట్టాలు తుడిచారాండి?" అని అడిగారు.

"తుడవాలాండి? అవన్నీ నాన్నగారే చూసుకునేవారు. నేను పెట్టెలోంచి తీసి తూటా పెట్టానంతే. తీస్తుంటే నాన్నగారు మంచం మీంచి ఎడం చెయ్యి ఇలా ముందుకీ వెనక్కీ, ముందుకీ వెనక్కీ ఆడించారు. ఉక్కపోస్తోందేమోనని విసనకర్ర తెచ్చి విసిరాను. కోపంగా చూశారు. చాలట్లేదేమోనని ఇంకా గట్టిగా విసిరానండి."

అమ్మ గుమ్మంలో నిలబడి నవ్వు ఆపుకుంది. నాన్న గొట్టాలు విడదీసి కిటికీ వైపు ఎత్తారు. ఎడమ దాంట్లో ఉబ్బు దగ్గర ఒక నల్లటి వలయం. కుడి దాంట్లోకి చూసి, మళ్లీ చూసి, నా చేతికిచ్చారు. అసలు వెలుగే లేదు. నాన్న వెనక మూతి నుంచి కడ్డీ పెట్టి మెల్లగా నెట్టారు. మొద్దు మీద కుంకుడుకాయంత గోధుమరంగు ముద్ద ఒకటి టక్కుమని పడింది, రాయిలా.

"కందిరీగ గూడు!" అని రాజుగారు ఒక్కసారిగా నవ్వేశారు. "మట్టండీ! కందిరీగ పనా ఇదంతా! అమ్మకి చెప్తానుండండి."

నాన్న కూడా అదే అనుకున్నారు. అలాంటివి ఎన్నో చూశారు. కానీ అమ్మ గొట్టాలు కడగడానికి వేడి వేడి సోడా నీళ్ల పళ్లెం తెస్తూ, "గూడైతే లోపల పురుగుండాలి కదా" అని ముద్దను సగానికి విరిచి ఒక సగం నీళ్లలో పడేసింది. ముద్ద చుట్టూ నీళ్లు ఎర్రబడ్డాయి. చూస్తుండగానే ఆ ఎరుపు పళ్లెమంతా పాకింది.

"రామ రామ! రక్తమండీ!" అని రాజుగారు వెనక్కి జరిగారు. నా నోట్లోంచి కూడా స్వామి పేరే వచ్చింది. భగవంతుడు మనుషులకు గుర్తులు చూపిస్తాడని పురాణ శ్రవణంలో పెరిగినదాన్ని.

అమ్మ ఒక్కతే స్థిమితంగా ఉంది. "రక్తమేంటండి బాబూ, పారాణి. పెళ్లికూతురి కాళ్లకి పెట్టేది. పసుపులో సున్నం పడినా సోడా పడినా ఇంతే. ఇది పసుపు ముద్దండి, ఎండిపోయింది."

రాజుగారు మొద్దు పక్కన కూర్చుని, మిగిలిన సగం ముద్ద చేతిలోకి తీసుకుని చూశారు. "దసరాకి ఆయుధ పూజండి" అన్నారు. "అమ్మ రెండు మూతుల్లోనూ బంతిపువ్వులు పెడుతుంది. నిటారుగా నిలబడాలని కాడకి పసుపు ముద్ద అద్ది లోపలికి నొక్కుతుంది. చిన్నప్పట్నుంచీ చూస్తున్నాను, ఎంత ముద్దొస్తుందో. పువ్వు రాలిపోయింది, ముద్ద ఉండిపోయిందన్నమాట."

ఆ తర్వాత జరిగిన మాటలు నాకు ఇప్పటికీ చెవిలో ఉన్నాయి. రాజుగారు లేచి నాన్న చేతులు పట్టుకున్నారు. "ఆచారి గారూ, కందిరీగనే చెప్దామండి. దేవుడి కోపం కాదని తెలిస్తే చాలు, అన్నం తింటుంది. తన చేత్తోనే అయిందని తెలిస్తే తట్టుకోలేదండి."

అమ్మ కూడా, "నిజమేనండీ, పాపం. కందిరీగకి ఒక నింద ఎక్కువైతే ఏం పోయింది?" అంది.

"చెప్దాం" అన్నారు నాన్న. "మరి వచ్చే దసరాకి?"

"పువ్వు పెట్టొద్దంటానండి."

"ఎందుకంటే ఏం చెప్తారు? కందిరీగకి పువ్వంటే పడదంటారా?"

రాజుగారు నాన్న చేతులు వదిలేశారు.

"ఈసారి నాలుగు వేళ్ల కింద ఉబ్బింది కాబట్టి చెయ్యి జివ్వుమంది. ఇంకో ఏడు ముద్ద ఇంకాస్త కిందికి జారిందనుకోండి, మీ ఎడం చెయ్యి ఉండేది అక్కడే. దేవుడి పనికి వచ్చిన తుపాకీ ఇది. దీని మీద అబద్ధం చెప్పి, బాగుందని మీ చేతికి ఇవ్వలేనండి. మీరు చెప్పలేకపోతే నేనొచ్చి చెప్తాను."

నాన్న గట్టిగా మాట్లాడే మనిషి కాదు. కానీ దేవుడి పేరుతో ముడిపడిన మాట దగ్గర ఆయన్ని కదిలించడం ఎవరి వల్లా అయ్యేది కాదు. రాత్రి భజనలో గొంతెత్తి పాడే నామానికీ పగలు చెప్పే మాటకీ మధ్య సందు ఉండకూడదని ఆయన లెక్క. నేను ఎన్నో పురాణాలు విన్నాను, చదివి వినిపించాను. భక్తి అంటే ఏమిటని ఎవరైనా అడిగితే నాకు ముందు కనిపించేది మాత్రం, అడ్డం ఉందేమోనని గొట్టాన్ని వెలుగుకు ఎత్తి చూసే ఆ కన్నే.

మర్నాడు పొద్దున్నే రాజుగారి జీపులో ముగ్గురం వెళ్లాం. రెండో సగం ముద్ద అమ్మ చెంగున కట్టుకుంది, కాస్త సోడా పొట్లం కట్టుకుంది. వాళ్లది పెద్ద లోగిలి. హాల్లో పట్టె మంచం మీద పెద్దరాజు గారు పడుకుని ఉన్నారు. మంచం పక్కనే చాప మీద సీతాయమ్మగారు కూర్చుని ఉన్నారు. పెద్ద బొట్టు, పసుపు పూసిన కాళ్లు, నిజంగానే పిట్టంత మనిషి. గొంతు మాత్రం పిట్టది కాదు.

"ఏం ఆచారీ, బాగవుతుందా అవదా? నన్ను ఊరించకు."

"బాగవుతుందమ్మగారూ. ముందు మీకొకటి చూపించాలి." నాన్న అమ్మ వైపు చూశారు. అమ్మ ముందుకెళ్లి చాప చివర కూర్చుంది. వెండి పళ్లెం అడిగి, నీళ్లు పోసి, సోడా కలిపి, చెంగు ముడి విప్పింది. "ఇది మీ తుపాకీ కుడి గొట్టంలోంచి వచ్చిందమ్మా" అని ముద్దను పళ్లెంలో వేసింది.

నీళ్లు ఎర్రబడడం సీతాయమ్మగారు కన్నార్పకుండా చూశారు. ఎంతమంది పెళ్లికూతుళ్లకు పారాణి పెట్టి ఉంటారో. ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది. వేలు ముంచి చూసుకుని, "నా పసుపే" అన్నారు.

"అవునమ్మా."

"నేను పెట్టిన పువ్వుదేనా?"

"అవునమ్మా" అంది అమ్మ మళ్లీ. రాజుగారు గోడ వైపు తిరిగి నిలబడ్డారు.

"అయితే రాములవారికి కోపం లేదు?"

"గొట్టంలో అడ్డుంటే ఎవరి తుపాకీ అయినా ఇంతేనమ్మగారూ" అన్నారు నాన్న. "ఆయనకు కోపమే ఉంటే మీ అబ్బాయి గారి చెయ్యి దక్కేదా?"

సీతాయమ్మగారు పెద్దగా ఊపిరి వదిలారు. ఏడుస్తారనుకున్నాం. "హమ్మయ్య" అన్నారు. "నా చేతి పొరపాటైతే దిద్దుకుంటాను. ఆయన కోపమైతే నేనెక్కడని దిద్దను?" అంతలోనే కనుబొమలు ముడిపడ్డాయి. "ఉండు ఆచారీ. కాపురానికొచ్చిన ఏడాది నుంచీ పెడుతున్నాను పువ్వు. మరి ఇన్నేళ్లూ ఎందుకు కాలేదు?"

ఆ ప్రశ్నకు జవాబు మంచం మీది నుంచి వచ్చింది. పెద్దరాజు గారి ఎడమ చెయ్యి దుప్పటిలోంచి లేచింది. ముందుకీ వెనక్కీ, ముందుకీ వెనక్కీ. రాజుగారి చెయ్యి అలవాటుగా విసనకర్ర వైపు వెళ్లింది.

"విసనకర్ర కాదండి!" అన్నారు నాన్న. "గొట్టం తుడిచే కడ్డీ. నవమికి ముందు తుడవమని చెప్తున్నారండి మీకు. అప్పుడూ ఇప్పుడూ అదే చెప్తున్నారు."

సీతాయమ్మగారు చాప మీంచి లేచి మంచం దగ్గరకు వెళ్లారు. "ఏటేటా మీరే తీసేవారా?" అని అడిగారు. పెద్దరాజు గారి చెయ్యి ఆగిపోయింది. మూతి ఒక పక్క మాత్రం నవ్వింది.

"ఒక్క మాట అనొచ్చు కదండీ! ఇన్నేళ్లు! నేను పెట్టడం, మీరు గుట్టుచప్పుడు కాకుండా పారెయ్యడం. పైగా, సీతా పువ్వులు బాగా పెట్టావూ అనడం! నోరున్నన్నాళ్లూ చెప్పకుండా ఇప్పుడు చేతులు ఆడిస్తే ఎవరికి తెలుస్తుందండీ?" అని ఆవిడ తిట్టడం మొదలుపెట్టారు. తిడుతూ తిడుతూ ఆయన కళ్లు తుడిచారు, తర్వాత తన కళ్లు తుడుచుకున్నారు. పారాణి అంటిన వేలితో తుడవడం వల్ల ఇద్దరి మొహాలూ ఎర్రగా అయ్యాయి. ఆ ఇంట్లో ధనుర్మాసం తర్వాత మొదటిసారి నవ్వు వినిపించి ఉంటుంది.

"అమ్మా, మరి అన్నం పెట్టించనా?" అన్నారు రాజుగారు ఆశగా.

"అలా ఎలా? రాములవారి ముందు అన్నాను. తుపాకీ పలికాకే" అన్నారావిడ. "ఆచారీ, నువ్వు కాస్త త్వరగా కానీ. నాకు ఆకలేస్తోంది."

అందుకని ఆ తుపాకీ మీద నాన్న పడ్డంత శ్రమ ఇంకే తుపాకీ మీదా పడలేదు. ఉబ్బిన ఇనుము సాగిపోతుంది, సుత్తితో అణిచినా దానికి మునుపటి బలం రాదు. రాజుగారితో మాట్లాడి, లైసెన్సులో పొడుగు మార్చి రాయించే ఏర్పాటు చేయించి, ఉబ్బు కింద వరకు రెండు గొట్టాలూ కోసేశారు. మూతులు నునుపు చేసి, మధ్య పట్టీ చివర టంకం వేశారు. కంటి పరీక్ష అయింది, ఉంగరాలు గుండ్రంగా ఉన్నాయి. వంటింటి గుమ్మానికి తగిలిస్తే అమ్మ తెడ్డుతో తట్టి, "పలకట్లేదండీ" అంది.

"సరిగ్గా విన్నావా? ఆవిడ అక్కడ పాల మీద ఉందే."

"అందుకే సరిగ్గా విన్నాను. వెనక ఎక్కడో విడిందండీ."

నవమి నాడు గొట్టం ఉబ్బిన దెబ్బకు అదిరి పట్టీ వెనక వైపు కూడా వదిలింది. కంటికి కనిపించలేదు. నాన్న గొట్టాలు దింపి, అతుకంతా విప్పి, గుగ్గిలం చల్లి మళ్లీ మొదటి నుంచి వేశారు. రెండోసారి అమ్మ తట్టినప్పుడు నేను దేవుడి గదిలో ఉన్నాను. అక్కడి గంట ఎవరు కొట్టారా అని తల తిప్పి చూశాను.

ఇసుక తిప్ప మీద పరీక్షకు సీతాయమ్మగారు వస్తానని పట్టుబట్టారు. పూర్వం వాళ్ల ఆడవాళ్లు అలా నలుగురిలోకి వచ్చేవారు కాదు. "తుపాకీ ఎవరిదో వాళ్లు తాడు లాగాలన్నావుటగా? పసుపు నాది, మొక్కు నాది, తాడూ నేనే లాగుతాను" అని జీపులో ముందు సీట్లో కూర్చుని వచ్చారు. ఒళ్లో టిఫిన్ క్యారియర్. అందులో ఏముందని ఎవరూ అడగలేదు. నాన్న చక్రానికి తుపాకీ కట్టి, గొట్టాల చుట్టూ అక్కడక్కడా దారం చుట్టి కొలత గుర్తులు పెట్టుకున్నారు. అందరం గట్టు వెనక్కి వెళ్లాం. ఆవిడ రామనామం అనుకుంటూ తాడు లాగారు. ఏమీ కాలేదు. పాల మీద బతుకుతున్న చేతులు.

"అమ్మగారూ, గట్టిగా లాగాలండి. రథం తాడనుకోండి."

ఆవిడ కొంగు బిగించి, రెండు కాళ్లూ ఇసుకలో పాతి, వెనక్కి వాలి లాగారు. తిప్పంతా అదిరింది. నీళ్ల అంచున కొంగలన్నీ ఒక్కసారి లేచాయి. మోత నది మీదుగా వెళ్లి అవతలి గట్టు తగిలి తిరిగొచ్చింది. ఆవిడ ఇసుకలో కూర్చుండిపోయి క్యారియర్ మూతకి చెయ్యి వేశారు.

"ఆగండమ్మగారూ, ఇంకోటుంది" అన్నారు నాన్న.

"నీ దుంపతెగ ఆచారీ" అని ఆవిడ మళ్లీ లేచి తాడు పట్టుకున్నారు. రెండో గొట్టం కూడా పలికింది. నాన్న వెళ్లి దారాలు మళ్లీ చుట్టి చూసి, ఎక్కడా నూలుపోగంత కూడా ఉబ్బలేదని చెప్పాకే మూత తీశారు. పెరుగన్నం, నిమ్మకాయ బద్ద. ఆవిడ గోదావరి వైపు తిరిగి ఒక ముద్ద కళ్లకద్దుకుని తిన్నారు. కొడుకు పక్కన కూర్చుని, ఆవిడ తింటున్నంతసేపూ చూస్తూనే ఉన్నారు.

పదహారు రోజుల పండుగ నాడు మేము గుళ్లోనే ఉన్నాం. పేల్చే ముందు రాజుగారు గొట్టాలు తుడిచి, ఎండకు ఎత్తి చూసి, అప్పుడు తూటా పెట్టారు. తుపాకీ పలికింది, గట్టిమేళం మోగింది. మా నాన్నకు అదొక్కటి బాగా వినపడింది.

ఆ ఏడు దసరా మర్నాడు తుపాకీ మా ఇంటికి వచ్చింది. బంతిపువ్వు మూతిలో లేదు, దారంతో గొట్టాల బయట కట్టి ఉంది. అలా ఏటేటా. నాన్న పోయాక నేను చూసి పంపేదాన్ని. మధ్యలో ఎందుకో కొన్నేళ్లు రాలేదు, నేనూ మర్చిపోయాను. ఇప్పుడు తుపాకులు బాగుచేసేవాళ్లు మా చుట్టుపక్కల లేరు. నాన్న పాకలో మా మేనల్లుడి స్కూటర్లున్నాయి. నవమికి మైకులో మోత వినిపిస్తారు, బాగానే వినిపిస్తుంది, ఎవరి చెయ్యికీ ప్రమాదం లేదు. అది తక్కువని నేను అనను. కానీ ఆ మోత కోసం ఎవరూ లోపలికి తొంగి చూడనక్కర్లేదు, ఎవరూ చెవి ఒగ్గి విననక్కర్లేదు. మా సత్సంగానికి వచ్చే చిన్నవాళ్లు ఎన్నో ఆచారాలు శ్రద్ధగా చేస్తారు. ఎందుకో అడిగితే పెద్దవాళ్లు చెప్పారంటారు. తప్పు చిన్నవాళ్లదని కూడా అనలేను. పెద్దరాజు గారిలా, చెప్పకుండా చేసుకుపోవడం ప్రేమే అనుకునే పెద్దవాళ్లం మేమే ఎక్కువ.

లావణ్య అంతా విని, "ఇంత ఉందాండి ఇందులో!" అంది. నేను లేచి వంటింట్లోంచి పసుపు, బట్టల సోడా, ఒక గిన్నె నీళ్లు తెచ్చాను. ఆ అమ్మాయి చేతనే కలిపించాను. నీళ్లు రంగు మారగానే చెయ్యి వెనక్కి లాక్కుంది.

"అమ్మో! విన్నాక కూడా రక్తంలాగే ఉందండి మామ్మగారూ."

"పారాణమ్మా" అన్నాను.

ఆ అమ్మాయి తుపాకీ తిప్పి, కింది కర్ర మీద ఒక చోట వేలు పెట్టింది. వార్నీషు కింద కందిన మచ్చ ఒకటి ఉంది, బొటనవేలంత. "చిన్నప్పట్నుంచీ ఇది ఏదో దెబ్బ అనుకున్నానండి" అంది. నాకు గుర్తుంది. ఆ మొదటి దసరా మర్నాడు వచ్చినప్పుడు, పువ్వుతోపాటు కర్ర మీద ఎర్రటి బొట్టు ఉంది. తడి ఇంకా పూర్తిగా ఆరలేదు.

లావణ్య గిన్నెలో వేలు ముంచింది. సరిగ్గా ఆ మచ్చ మీద, వాళ్ల నాన్నమ్మ వేలు పడినచోటే, మళ్లీ బొట్టు పెట్టింది. అది ఆరేదాకా ఇద్దరం కూర్చున్నాం. తర్వాత ఆ అమ్మాయి గొట్టాలు తన కంటికి ఆనించుకుని కిటికీ వైపు ఎత్తి, చాలాసేపు చూసి, తుపాకీని సంచిలో పెట్టుకుంది.